పరగడుపున స్కానింగ్

పోయిన నెలలో ఓ ఆదివారం అమ్మ ఫోన్ చేసి, మా మేనత్త పోయిందని చెప్పింది. మధ్యాహ్నం భోంచేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్ళీ లేవలేదు. ఏడ్చాను. మంచాన పడకుండా, బాధపడకుండా వెళ్ళిపోయిందని ఆ ఏడుపులోనే కాస్త ఊరట కూడా కలిగింది.

అత్త ఆత్రేయపురంలో పూతరేకులు చేసేది. కుండ మీద రేకు తీస్తూనే ఇంట్లో అందరినీ ఓ కంట కనిపెట్టేది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సెలవుకి వెళ్ళి, పక్కన కూర్చుని రేకులు చుడుతున్నాను.

"ఎక్కడే నొప్పి?" అంది, తలెత్తకుండానే.

"ఏం లేదత్తా."

"ఏం లేకపోతే చెయ్యి పొత్తికడుపు మీదెందుకుందే?"

అంతే, అన్నీ కక్కేశాను. నెలల తరబడి ఎడమవైపు పోటు, నెలసరి తప్పడం, ఫోన్లో వీడియోలు చూసి పెంచుకున్న భయాలు. హార్మోన్లు పాడైపోయాయని, అండాశయం తీసేస్తారని, ఇక పిల్లలు పుట్టరని నాకు నేనే తేల్చేసుకున్నాను. అమ్మ బెంగ పెట్టుకుంటుందని చెప్పలేదు. అత్త అంతా విని, "చిరిగిందో లేదో చూడకుండానే రేకు పారేస్తామేంటే?" అంది. మర్నాడే రాజమండ్రి ప్రయాణం.

అత్త లెక్కలో గుడికైనా పరీక్షకైనా పరగడుపునే వెళ్ళాలి. కాఫీ కాదు కదా, మంచినీళ్ళు కూడా ముట్టనివ్వలేదు. నాకు తోడుగా తనూ ఉపవాసమే. బ్యారేజీ దాటుతుంటే కింద అంత గోదావరి, బస్సులో మా ఇద్దరికీ నాలుక పిడచకట్టుకుపోయింది.

స్కానింగ్ గది దగ్గర అమ్మాయి మా వాలకం చూసి నవ్వింది. "దీనికి మూత్రాశయం నిండుగా ఉండాలండి. నీళ్ళు బాగా తాగి కూర్చోండి."

అత్త రెండు పెద్ద సీసాలు కొనుక్కొచ్చింది. "నిన్ను ఎండగట్టింది నేనే కదా, నేనూ తాగుతాను, కానియ్" అని నాతో గుక్కకి గుక్క తాగింది. చెబితే మీరూ నవ్వుతారు, నా పేరు పిలిచేసరికి ముందు పరిగెత్తింది అత్తే, బాత్‌రూమ్‌కి. నేను నవ్వు ఆపుకోలేక ఆ నవ్వుతోనే బల్లెక్కాను.

తీరా చూస్తే ఎడమ అండాశయంలో చిన్న నీటి బుడగ. ఇలాంటివి చాలావరకు వాటంతటవే పోతాయని, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దామని, నొప్పి ఎక్కువైతే మాత్రం వెంటనే రమ్మని డాక్టరమ్మ చెప్పింది. రక్తపరీక్షలో థైరాయిడ్ తేడా తేలింది, మాత్రలతో నెలసరి దారిలో పడింది. రెండోసారి చూస్తే బుడగ లేదు. "ఇంతోటి బుడగకా అన్ని నీళ్ళు తాగించారు!" అని అత్త ఊరంతా చెప్పుకుంది.

ఆ తరవాత నేను ఎప్పుడు చూపించుకోవడానికి వెళ్ళినా రెండు సీసాలతో సిద్ధంగా ఉండేది. "ఒక్కదానివే కూర్చుంటే లేనిపోనివన్నీ ఆలోచిస్తావే" అనేది. అది నిజం.

నిన్న ఒక్కదాన్నే వెళ్ళాను. అంతా బాగుందమ్మా అని డాక్టరమ్మ అనగానే పక్కకి తిరిగాను. పక్క కుర్చీలో, అలవాటుగా నేను తెచ్చిన రెండో సీసా మూత తీయకుండా ఉంది. తిరుగు బస్సు బ్యారేజీ ఎక్కాక మూత తీసి, గోదారిని చూస్తూ అత్త వాటా కూడా నేనే తాగేశాను.