పువ్వు గుర్తున్న మీట

రవికల కోసం కెమెరా కొన్నది బహుశా నేనొక్కదాన్నే అయ్యుంటాను. బచేలీ రైల్వే క్వార్టర్లలో ఉంటూ, ఇనుప గనుల టౌన్‌షిప్‌లోని ఆడవాళ్ళకి రవికల మీద దారప్పని చేసేదాన్ని. రెండు వారాలు కూర్చుని ఒక నెమలిని కుడితే, మర్నాడే అది ఎవరింటికో వెళ్ళిపోయేది. కొత్తగా అడగవచ్చినవాళ్ళకి చూపించడానికి నా దగ్గర ఏమీ మిగిలేది కాదు. ఒకసారి స్టూడియో అతన్ని పిలిచి రీలు కెమెరాతో ఫొటో తీయిస్తే, నెమలి ఉండాల్సినచోట నీలం మరక వచ్చింది. అప్పుడే జగదల్‌పూర్ దుకాణాల్లోకి డిజిటల్ కెమెరాలు వస్తున్నాయని విన్నాను.

పొద్దున్నే పాసింజరెక్కి వెళ్ళాను. దుకాణంలో పెద్దాయన మూడు కెమెరాలు అద్దం బల్ల మీద పెట్టి, మెగాపిక్సెళ్ళ గురించి హిందీలో గడగడా చెప్పాడు. నాకొక్కటీ బుర్రకెక్కలేదు. సంచీలోంచి నేను కుట్టిన చేతిరుమాలు తీసి బల్ల మీద పరిచాను.

"మూడింటితోనూ దీని ఫొటో తియ్యండి," అన్నాను.

మొదటి రెండింట్లో పువ్వు కనిపించింది. మూడోదాని తెర మీద దారం కనిపించింది. ఆయన బొమ్మని పెద్దది చేస్తూ పోయాడు. రేక, రేకలో కుట్టు, కుట్టులో మెలితిరిగిన పోగులు. ఒకచోట పోగు తెగి లేచి ఉంది. పదేళ్ళుగా చేస్తున్న పనిని నేను అంతవరకు సరిగ్గా చూడనే లేదనిపించింది. సబ్బుబిళ్ళంత ఉన్న ఆ మూడోదే తీసుకున్నాను.

ఇంటికొచ్చి నేను తీస్తే మాత్రం అన్నీ మసకే. దాంతో ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మూడు రోజులు ఏ మీట నొక్కితే ఏమవుతుందో చూస్తూ గడిపాను. నాలుగో రోజుకి చిన్న పువ్వు గుర్తున్న మీట ఒక్కటే మిగిలింది. పువ్వుల ఫొటోలకే అది పనికొస్తుంది కాబోలనుకుని అంతవరకు ముట్టుకోలేదు. ఆరోజు ఫొటో తీయడానికి కిటికీ గట్టు మీద దుమ్ము తప్ప ఎదురుగా ఇంకేమీ లేకపోయింది. పువ్వు గుర్తు నొక్కి, కెమెరాని జానెడు దూరంలో పట్టుకుని, మీట సగం నొక్కాను. తెర మీద ఆకుపచ్చ గడి వెలిగింది. మిగతా సగం నొక్కాను.

ఆ ఊళ్ళో ముడి ఇనుము దుమ్ము పడని గట్టు లేదు. రోజుకు మూడుసార్లు తిట్టుకుంటూ తుడిచేదాన్ని. ఆ దుమ్మే తెర మీద పెద్దదవుతుంటే, ఎర్రటి పొడి మధ్య నల్లగా, అద్దం ముక్కల్లా మెరిసే రేకులు బయటపడ్డాయి. ఒక్కో రేకు మీద కిటికీ వెలుగు విడివిడిగా నిలబడి ఉంది. తుడిచే గుడ్డ పక్కన పడేసి అలాగే కూర్చుండిపోయాను.

కెమెరాతోపాటు ఒక పసుపురంగు వైరు కూడా వచ్చింది. దాన్ని టీవీకి తగిలిస్తే ఫొటో టీవీ నిండా పరుచుకుంది. మంచం మీద పడుకున్న మా అత్త లేచి, తడుముకుంటూ వచ్చి, టీవీకి రెండు జానల దూరంలో కూర్చుంది. ఆవిడ శ్రీకాకుళం వైపు పల్లె నుంచి మా దగ్గరికొచ్చి రెండేళ్ళయింది. రెండు కళ్ళలోనూ శుక్లాలు. టౌన్‌షిప్ ఆసుపత్రికి వచ్చే కళ్ళ డాక్టరు చేత ఆపరేషన్ చేయిద్దామంటే "కంట్లో కత్తెట్టించుకుంటానేటి?" అని అటు తిరిగి పడుకునేది.

"ఏటే అది? ఎర్రగా ఎలిగిపోతంది!" అంది.

"మన కిటికీలో దుమ్మత్తా."

"దుమ్మేటే! అమ్మోరి నగల్లాగుంటే!"

మధ్యాహ్నం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆయన కీమాన్. తెల్లారగానే భుజాన సుత్తీ పానా వేసుకుని, తన వంతు పట్టాల వెంట కాలినడకన వెళ్ళి, సడలిన బిగింపులు సరిచేసి వచ్చేవారు. ఇనుప రాయి బండ్లు ఆ పట్టాల మీదే విశాఖపట్నం దిగేవి. లైనెలా ఉందని అడిగితే "ఉంది" అనేవారు. అంతకుమించి ఒక్క మాట వచ్చేది కాదు.

"ఒరే, నువ్వు రోజూ ఎల్లినకాడ ఏటుంటాదో ఒక్కపాలి సూపించరా," అంది అత్త.

"పట్టాలూ వంతెనా ఫొటో తియ్యనివ్వరమ్మా."

"పట్టాలెవుడిక్కావాల? పక్కనేటుంటే అది తియ్యి."

ఆయన నా వైపు చూశారు. నేను కెమెరా ఆయన చేతిలో పెట్టాను. సుత్తి పట్టిన చేతులు కదా, బోల్టు బిగించినట్టు నొక్కారు.

"అలా కాదండీ. సగం నొక్కి ఆగండి. ఊపిరి బిగపట్టండి. ఆకుపచ్చ గడి వచ్చాకే మిగతా సగం."

"తుపాకీ కాలుస్తున్నట్టుందే," అన్నారు.

మొదటిరోజు తొమ్మిది ఫొటోలు తెచ్చారు. తొమ్మిదింట్లోనూ ఆయన బొటనవేలే. రెండోరోజు సెల్లులు అయిపోయాయి. మూడోరోజు టీవీకి వైరు తగిలించాక అత్తా నేనూ నోరు తెరిచాం.

ఒక ఆకు అంచుని, పక్క ఆకు అంచుతో కలిపి పట్టుకుని వరుసగా నిలబడ్డ ఎర్ర చీమలు. వాటి మధ్య మరికొన్ని చీమల నోళ్ళలో తెల్లగా బియ్యపు గింజల్లాంటివి. ఆ రెండాకుల నడుమ సన్నటి తెల్లని దారం.

"అవేం చేస్తున్నాయి?" అన్నాను.

"కుడతన్నాయి."

"కుట్టడమేంటి?"

"ఆ తెల్లవి వాటి పిల్లలు. పిల్లని నోటితో పట్టుకుని ఈ ఆకుకీ ఆ ఆకుకీ తాటిస్తాయి. దారం పిల్ల నోట్లోంచి వస్తాది. అలా గూడు కట్టుకుంటాయి."

నా వేళ్ళలో సూదులు గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాశాయి. ఇంటికి మైలు దూరంలో, సూది లేకుండా, ఇంత సన్నగా కుట్టేవాళ్ళున్నారని నాకు తెలియదు.

"మీకివన్నీ ఎలా తెలుసు?"

"రోజూ సూస్తాను గదా."

"ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చెప్పలేదే!"

"సెప్తే నమ్ముదువేటి?" అన్నారు, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ.

ఆ తరువాత అడవి చెట్ల మీద పెరిగే కోసా పట్టు పురుగు రెక్కలొచ్చి సీతాకోకచిలుకైన ఫొటో తెచ్చారు. అరచేతికన్నా పెద్ద రెక్కలు. రెక్కకొకటి చొప్పున గాజు బిళ్ళ పొదిగినట్టు ఉంది. ఆ బిళ్ళలోంచి వెనకాల ఆకు కనిపిస్తోంది. ఆ పట్టు మీద నేను ఎన్నో పూలు కుట్టాను. దాన్ని వడికిన ప్రాణిని చూడటం అదే మొదలు. అత్త చెయ్యి చాచి టీవీ అద్దం మీద ఆ రెక్కని నిమిరింది.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒకనాడు ఆయన ఆలస్యంగా వచ్చారు. సుత్తి గుమ్మం దగ్గర పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా తల్లి మంచం పక్కన కింద కూర్చున్నారు. నేను వైరు తీసుకొస్తుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఫొటో లేదు. తియ్యలేకపోయాను."

"ఏటైందిరా?" అంది అత్త కంగారుగా.

"ఎలుగుబంటి, అమ్మా. ఇప్పపూలు తిని వస్తంది. మలుపు తిరిగేసరికి ఇరవై అడుగుల్లో ఉంది. నేను కదల్లేదు. అది పట్టాల మీదకొచ్చి, మూతి పట్టాకి ఆనించింది. దూరంగా బండి వస్తే పట్టా సన్నగా పాడతాది గదా, ఆ పాట ఇంటన్నట్టు నిలబడిపోయింది. దాని ఈపు మీద పిల్ల. బొచ్చు గట్టిగా పట్టుకునుంది."

ఆయన నోట అన్ని మాటలు ఒకేసారి రావడం పెళ్ళయ్యాక నేను వినలేదు. పొయ్యి మీద కూర మాడు వాసన వస్తున్నా లేవబుద్ధి కాలేదు.

"పిల్ల నిన్ను సూసిందేటిరా?" అంది అత్త.

"సూసిందమ్మా. తల్లి అడవిలోకి దిగిపోతన్నా, అది మెడ తిప్పి నన్నే సూస్తంది."

అత్త మంచం మీద లేచి కూర్చుంది. తరువాత నా వైపు తిరిగి, "ఆ కళ్ళ డాట్రు ఏ వారం వస్తాడే?" అంది.

టౌన్‌షిప్ ఆసుపత్రిలో ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన రోజు నన్ను చూసి, "ఒలే, నీకు తల నెరిసిపోనాదే!" అని నవ్వింది. ఆటోలో ఇంటికి తీసుకొచ్చాం. దిగి, నల్ల కళ్ళద్దాలు పైకెత్తి, క్వార్టర్ల వెనక్కి చూసి ఆగిపోయింది. అక్కడ ఆకాశంలో సగం ఆక్రమించి బైలాదిలా కొండ. దాని పైభాగాన గనులు తవ్విన ఎర్రటి మెట్లు, కింద పచ్చటి అడవి.

"అది కొండా?" అంది.

"కొండే అత్తా."

"ఈ రెండేళ్ళూ మబ్బనుకున్నానే," అని, మేం ఎంత పిలిచినా లోపలికి రాకుండా ఎండలో అలాగే నిలబడింది.