వేడి చెప్పని ముల్లు

పొద్దున్నే లారీల రిపేరు షెడ్డు తలుపులు తీయకముందే మా పెదనాన్న బయట బకెట్ నిండా నీళ్లు, సబ్బు, ఉతికిన తువ్వాలు పెట్టేవాడు. రాత్రంతా లారీలు నడిపి వచ్చేవాళ్ల కోసం. దేవుడికి దణ్ణం ఆ తర్వాతే. ముందు దేవుడు కదా అని పెద్దమ్మ అంటే, ఆయన ముఖం ఎప్పుడో కడుక్కున్నాడులే అనేవాడు.

ఒకరోజు ఆ నీళ్లు ముట్టకుండా వచ్చి నిలబడ్డాడు, ఎప్పుడూ మా షెడ్డుకే వచ్చే ఒక లారీ డ్రైవరు. కిందటి వారం ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ కాగిపోయి ఆవిరి చిమ్మిందట. వేడి చూపే మీటరు ముల్లు చివరిదాకా చల్లగానే చూపించిందని అతను ఎంత మొత్తుకున్నా ఓనరు నమ్మలేదు. మీటరు బాగానే ఉందని ఇంకో మెకానిక్ తేల్చేశాడు. అయితే నువ్వే మీటరు చూడకుండా కునుకు తీశావు, సాయంత్రానికి తాళాలు అప్పజెప్పు అన్నాడు ఓనరు. తన పెళ్లికి ముందు నుంచీ అతను నడుపుతున్న బండి అది.

పెదనాన్న బానెట్ ఎత్తాడు. ఇంజిన్ వేడిని మీటరుకు చేరవేసేది బొటనవేలంత ఇత్తడి సెన్సర్. దాని వైరు ఊడదీసి ఇంజిన్ ఇనుముకు తాకించాడు. ముల్లు ఎర్రగీత దాకా లేచింది. అంటే మీటరూ, వైరూ మంచివే. సెన్సర్ విప్పి, వైరు తగిలించి, దాని ఒంటిని ఇంకో తీగతో ఛాసిస్‌కు కలిపి, పెద్దమ్మ తెచ్చిన మరిగే నీళ్లలో ముంచాడు. ముల్లు బుద్ధిగా పైకి వచ్చింది. సెన్సరూ మంచిదే.

"అందరూ మంచివాళ్లే. మరి దొంగ ఎవరు?" అంది పెద్దమ్మ.

పెదనాన్న సెన్సర్‌ను వెలుతురులో తిప్పి చూశాడు. దాన్ని బిగించే మరల చుట్టూ, కుళాయిలకు చుట్టే తెల్ల టేపు ఒత్తుగా ఉంది. ఆ మరలు ఇంజిన్ ఇనుమును తాకితేనే కరెంటుకు తిరుగుదారి. టేపు ఆ దారికి అడ్డుపడింది. అక్కడ నీరు చెమరుస్తోందని మొన్నామధ్య డ్రైవరు చెబితే, చుక్క కూడా కారకూడదని వరస మీద వరస చుట్టింది పెదనాన్నే.

టేపు గోటితో ఒలిచి, నీరు కారకుండా రాగి వాషరు వేసి బిగించాడు. ఇంజిన్ కాసేపు నడిచాక ముల్లు మెల్లగా లేచి మధ్యలో నిలిచింది. అప్పుడు జరిగింది జరిగినట్టు చెప్పాడు.

డ్రైవరుకు కోపం రాలేదు. వైరు వదులైందని ఓనరుతో చెప్పేస్తానన్నాడు.

"మధ్యలో మీ పేరెందుకు మేస్త్రీ?"

"వదులైన వైరు చూసుకోవాల్సింది ఎవరు? డ్రైవరే కదా. అదీ నీ నెత్తికే చుట్టుకుంటుంది."

నిజం తెలిస్తే ఆ ఓనరు బండ్లన్నీ షెడ్డుకు రావడం మానేస్తాయి. పెద్దమ్మకు అది తెలుసు. అయినా లోపలికి వెళ్లి ఇస్త్రీ చొక్కా తెచ్చి ఇచ్చింది. పెదనాన్న చేతులు కడుక్కుని అది తొడుక్కుంటూ డ్రైవరు వైపు తిరిగాడు.

"నాకో సాయం చెయ్యి బాబూ. సాయంత్రం దాకా ఆగొద్దు, ఇప్పుడే నన్ను మీ ఓనరు దగ్గరికి తీసుకెళ్లు. నేను చెప్పడం అయ్యేదాకా మాత్రం నన్ను వెనకేసుకు రాకు."