చీమల పుట్టకు ఆనించిన బండ

"బండ పెట్టినావామే?" అని అడిగినాడు మా ఆయన. "పెట్టినాలే, నువ్వు పండుకో" అన్నాను. తిరుపతి ఆసుపత్రిలో మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు అవే.

నిన్న మా మనవరాలు గడప పక్కన లేచిన చీమల పుట్ట మీద చల్లడానికి మందుపొడి తెచ్చింది. ఆ పొట్లం తీసి గూట్లో పెట్టేసి, సంతకం దాటని చదువు నాది గనుక, కాగితం పట్టుకుని నా దగ్గర కూర్చోమన్నాను. నేను చెబుతుంటే అది రాస్తోంది.

డెబ్బైలలో వానలు మొహం చాటేసిన ఆ కరువు మీలో చూసినవాళ్ళకు వేరే చెప్పాలా? కార్వేటినగరం కొండల కింద మా ఊరు. రాగుల కుండ అడుగు కనబడింది. చంకలో పెద్దకూతురు, అంటే ఈ రాసేదాని తల్లి, ఇంకా చన్ను విడవని పిల్ల. తిండి లేక నాకు పాలు ఇంకిపోయాయి. ఇంట్లో ఒక చూలు మేక ఉండేది. అది బతికి ఈనితేనే పిల్లకు పాలు, పచ్చిక మొలిస్తేనే అది బతికేది.

అప్పుడు మా అత్త మమ్మల్ని చీమల గింజలకని అడవిలోకి తీసుకుపోయింది. చుట్టూ పొట్టు గుండ్రంగా పోసి ఉంటే ఆ పుట్టలో గడ్డిగింజలు దాచినట్టు గుర్తు. పుట్ట నోరు ముట్టుకోకుండా పక్కనుంచి తవ్వాలి, సగమే తీసుకోవాలి, మట్టి కప్పి, వాన నీళ్ళు లోపలికి దూరకుండా మిట్టవైపు బండ ఒకటి ఆనించాలి. ఆయన ముందు తవ్వుకుంటూ పోయేవాడు, నేను వెనక మూసుకుంటూ పోయేదాన్ని. పుట్ట పుట్టకూ వెనక్కి తిరిగి అదే ప్రశ్న, బండ పెట్టినావా అని. ఆ గింజలు చెరిగి, కడిగి, దంచి గంజి కాస్తే మట్టి వాసన వేసేది, అయినా కడుపులో నిలిచేది.

ఒకనాడు పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లితే నేను ఓర్చుకోలేక, ఈ పుట్ట మొత్తం తవ్వేద్దాం అన్నాను. మా అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏమే, వాటి గాదె నీ పుట్టింటోళ్ళు నింపినారా? నీకంటే పొదుపుగత్తెలు అవి, సగం వాటికి ఇడిసిపెట్టు" అంది. ఆయన మాత్రం మెల్లగా, "వాటికీ పిల్లలుండాయిమే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, కానీ బండ పెట్టాను.

తర్వాత వాన వచ్చింది. గట్టిపడ్డ వాలు మీద నీళ్ళు నిలవకుండా జారిపోయాయి గానీ, చీమలు తవ్వి గుల్ల చేసిన చోట మాత్రం నేల తాగింది. అవి పొట్టుతో బయట పారేసిన గింజలు, నోట్లోంచి జారవిడిచినవి, పుట్ట చుట్టూ ముందుగా మొలిచాయి. ఎవరో మొదలంటా తవ్వుకుపోయిన పుట్టల దగ్గర బోడినేలే మిగిలింది. మేము మూసినచోటల్లా పచ్చటి చుట్టకుదుర్లు పరిచినట్టుండేది. మా మేక అక్కడే మేసింది, అక్కడే రెండు పిల్లల్ని ఈనింది. నా కూతురు ఆ పాలతో లేచి కూర్చుంది.

ఇప్పుడు ఆ వాలంతా చదును చేసి ప్లాట్లకు హద్దురాళ్ళు పాతారు. రాళ్ళకు కొదవ లేదు. ఏ ఒక్కటీ ఇంకొకరి గాదెకు వాన తగలకుండా పెట్టింది కాదు. ఆసుపత్రిలో నా చేతిలో బండా లేదు, ఎదురుగా పుట్టా లేదు, అయినా పెట్టినాను అన్నాను. ఆ మాట విని ఆయన మొహం తేటపడింది, అడవిలో తర్వాతి పుట్టకు కదిలినట్టే ముందుకు కదిలిపోయాడు.

రాసుకున్నావా తల్లీ? పొడి సంగతి తర్వాత చూద్దాంలే. మీ తాత అడిగినకాడి నుంచి ఒకసారి గట్టిగా సదువు, ఇంటాను.