ఎండబెట్టిన కండెన్సేట్

మా నాయనకు రాబోయే ఉద్యోగాన్ని ఒక్క పగటిపూటలో ఆవిరి చేసిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వండి. నాకు అలవాటే.

మా ఊరి బంగారు గనులు మూతపడ్డాక నాయన తెల్లవారుజామునే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరుకు వాచ్‌మన్ పనికి వెళ్లేవాడు. బంగారు మిల్లులో పనిచేసిన మనిషి, ఏదో అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్రవాళ్లకు సెల్యూట్ కొట్టేవాడు.

అప్పుడే కండెన్సేట్ నా చెవినపడింది. అది గ్యాస్ బావుల్లో గ్యాస్‌తో పాటు వచ్చే, నీళ్లలాంటి పలచటి నూనె అని ఇప్పుడు చెప్పగలను; అప్పటికి దాని రూపైనా చూడలేదు. ముందుముందు దానికి మహా గిరాకీ అని ఒక ఏజెంటు చెప్పడమే ఆలస్యం, కార్మికుల ఇళ్ల వరుసలో గడపగడపకూ తిరిగి నేనే ఉపన్యాసాలిచ్చాను. మాకు దగ్గర్లోని నరసాపురంలో రంగులు తయారుచేసే షెడ్డు నడిపే షావుకారు, రంగుల్లో కలుపుకోడానికి శాంపిల్ నచ్చితే మా ఊళ్లోనే గోడౌన్ పెడతానన్నాడు. గోడౌన్‌కు మనిషి మా నాయనే. ఇంక రైలెక్కే పని లేదు.

ఏజెంటు పంపిన శాంపిల్ క్యాను రానే వచ్చింది. ఆ రోజు పనికి సెలవు పెట్టిన నాయన మూత తీసి చూశాడు.

"ఏందప్పా, నీళ్ల మాదిరి ఉండాది?"

"నాకూ అదే అనుమానం నాయనా. కల్తీ చేసినారేమో."

"మిల్లులో ఏం చేస్తా ఉంటిమి? బంగారం కలిసిన పాదరసాన్ని కాల్చి ఆవిరిగా పంపించేస్తే అడుగున బంగారం నిలుస్తా ఉండె. దీన్నీ ఎండలో పెట్టు. అసలు సరుకు మిగులుతాది."

మా వంశంలో శాస్త్రజ్ఞులకు కొదవ లేదు. వెడల్పాటి బేసిన్‌లో పోసి పెరట్లో పెట్టాను. ఆ వాసనకు వీధంతా హడలిపోయింది. పక్కింటి స్టెల్లమ్మ, "అయ్యో, గ్యాస్ లీకు! ఎవురూ పొయ్యి ముట్టించొద్దండి!" అని అరిచి అందరినీ పస్తుపెట్టింది.

"ఓర్చుకో అక్కా, ఇంగ సారం దిగతా ఉండాది," అన్నాను.

సాయంత్రం షావుకారు వచ్చాడు. నాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని నిలబడ్డాడు. బేసిన్ అడుగున కాస్త జిడ్డు.

"సరుకు యాడప్పా?"

"ఇదే సార్. చిక్కగా చేసినాము."

"ఎగిరిపోయిందే సరుకప్పా! రేటంతా ఆ తేలికదానికే!" అని ఆయన నవ్వుతూనే స్కూటరెక్కాడు.

వీధంతా నవ్వింది. నాయన నవ్వలేదు. బేసిన్ కడుగుతూ, "మన ఊరూ అంతే కదప్పా. చేతనైనోళ్లంతా ఎగిరిపోయినారు. మనం అడుగున నిలిచిపోతిమి," అన్నాడు. మర్నాడు మళ్లీ రైలెక్కాడు.

అందుకే సూర్యభగవానుడి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: బతికున్నంతకాలం నా చేత్తో ఏదీ ఎండబెట్టను. మా ఇంట్లో వడియాలు సైతం నా ప్రమేయం లేకుండానే ఎండుతాయి. నాయన పోయాక ఆయన వాచ్‌మన్ యూనిఫాం ఉతికి తీగ మీద ఆరేశాను. ప్రతిజ్ఞ తప్పింది ఆ ఒక్కసారే.