ఇద్దరికీ ఒకే కోటు

కోట్ల కొట్టువాడితో పై వాటా ఆలుమగలిద్దరూ గెలిచిన తగువును, వాళ్ళ వెంట వెళ్ళిన కింది వాటా పెద్దమ్మ కళ్ళారా చూసింది. ఇద్దరూ తొడిగి చూసి కొన్న వారానికే కోటు లోపలి గుడ్డ చంక దగ్గర ఊడిపోయింది. మార్చి ఇమ్మంటే వాడు ఎగాదిగా చూసి, "ఒక కోటు ఇద్దరు తొడుక్కుంటే ఊడక ఏమవుతుంది?" అన్నాడు.

"ఒకేసారి ఇద్దరం దూరలేదండీ," అన్నాడు మొగుడు, ఎంతో మర్యాదగా.

"నేను కుట్టుపనిదాన్ని. ఇక్కడ అసలు కుట్టే పడలేదు. మీ కొట్లో ఉన్నవన్నీ తిరగేసి చూపించమంటారా?" అంది పెళ్ళాం, అప్పటికే రెండో కోటు తిరగేస్తూ.

పరాయి దేశం, వచ్చీరాని భాష. అయినా ఆమె వదిలిన మాట అతను అందుకోవడం, అతను ఆగిన చోట ఆమె ఎత్తుకోవడం చూస్తే, ఇంట్లో సాధన చేసి వచ్చారా అనిపించింది. వాడు కొత్త కోటు ఇచ్చి పంపాడు.

ఇంట్లో ఇద్దరూ కలిసి ఉంటే కదా సాధన! అతనిది రొట్టెల బట్టీలో రాత్రి పని. ఆమెది బట్టలు సరిచేసే కొట్లో పగటి పని. ఆమె బయల్దేరే వేళకి అతను వస్తాడు, ఆమె వచ్చే వేళకి అతను బయల్దేరతాడు. చలి ఆపే కోటు ఒక్కటే కాబట్టి పొద్దున మెట్ల మీద అతను విప్పాలి, ఆమె తొడుక్కోవాలి; సాయంత్రం ఆమె విప్పాలి, అతను తొడుక్కోవాలి. కాపురమంతా ఆ మెట్ల మీదే.

"మళ్ళీ భుజాల నిండా పిండే! మా కొట్లో నన్ను రొట్టెలమ్మి అంటున్నారు."

"నువ్వు చేతులు మడిచి మడిచి వదిలేస్తున్నావు. నేనేమన్నా పొట్టి చేతులవాణ్ణా? జేబులో సూదులు వదలొద్దన్నానా?"

"మీరు చెయ్యి పెట్టకపోతే అవేం గుచ్చుకోవు."

ఆ జేబులోనే రోజూ ఆమె కోసం వేడి ఆరని బన్ను ఒకటి ఉండేది. దాని గురించి మాత్రం ఇద్దరూ పెదవి విప్పేవారు కాదు. ఇదంతా పెద్దమ్మ తలుపు ఓరగా తీసి వినేది. గాలి కోసం తీశానని చెప్పేది, నడి చలికాలంలో.

ఇలా ఉండగా అతనికి ఒక బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే, అదే కొంప ముంచింది. పెళ్ళానికి ఒంటికి అతికినట్టుండే ఎర్ర కోటు తెచ్చాడు. ఆమె అద్దం ముందు నుంచి కదిలితే ఒట్టు.

ఆ మర్నాటి నుంచి ఒకరి కోసం ఒకరు ఆగే పని లేకపోయింది. అతను బస్సు కోసం పరుగులు మాని, బట్టీలోనే టీ తాగి తీరుబడిగా వచ్చేవాడు. అప్పటికి ఆమె వెళ్ళిపోయేది, సాయంత్రం ఆమె వచ్చేసరికి అతను వెళ్ళిపోయేవాడు. సెలవునాడు ఎదురుపడితే ఎంత మర్యాదో! "తిన్నారా?" "తిన్నాను. నువ్వో?" అంతే, బస్సులో పక్క సీటు వాళ్ళలాగా. ఎర్ర కోటు జేబులో దారప్పోగులు తప్ప ఏమీ ఉండేవి కావు.

ఒక ఆదివారం అతను గోడకి చెబుతున్నట్టు అన్నాడు: "మా బట్టీవాళ్ళు వేరే ఊళ్ళో కొట్టు తెరుస్తున్నారు. నన్ను వెళ్ళమంటున్నారు. నీ పని ఇక్కడే కదా, నేనొక్కణ్ణే వెళ్ళినా నీకేం ఇబ్బంది ఉండదనుకుంటా. వారంలోగా చెప్పాలట."

"నాకేం ఇబ్బంది? మీ ఇష్టం," అంది. కోట్ల కొట్టువాడి నోరు మూయించిన మనిషి ఆ మాటతో సరిపెట్టింది.

ఆ వెంటనే ఎర్ర కోటు చంకన పెట్టుకుని కిందికి దిగి, పెద్దమ్మ తలుపు తట్టింది.

"పెద్దమ్మా, దీన్ని నీ దగ్గర ఉంచు. నేనొచ్చి అడిగినా ఇవ్వకు."

"ఏమొచ్చిందే? నిక్షేపంలా ఉందిగా!"

"ఇది ఉంటే మెట్ల మీద ఆగే పనేముంది? ఈ వారం రోజులూ ఆయన పరుగెత్తుకొచ్చి తన కోటు విప్పి నాకివ్వాలి. అప్పటికీ వెళ్తానంటే వెళ్ళనీ."

"కోటేమయిందని అడగడూ?"

"నీకు చలేస్తోందని అడిగావని చెప్పు."

పెద్దమ్మకి రోషం ముంచుకొచ్చింది. "నేనా? ఒకరి కోటు అడుక్కోవడమా? పెట్టెలో శాలువాలు మూలుగుతుంటేనూ!"

"అయితే అడుక్కోవద్దులే," అంది ఆమె, కోటు ఆవిడ చేతుల్లో పడేస్తూ. "నువ్వే నన్ను తిట్టి మరీ లాక్కున్నావని చెప్పు. అదైతే ఆయన ఇట్టే నమ్ముతారు."