దుబాయి నుంచి చిక్కడపల్లికి ఎంతసేపు

అశోక్ నగర్‌లో రైల్వే ఉద్యోగానికి చదివే పిల్లల్ని ఎవర్నడిగినా ఫణీంద్ర సార్ పేరు చెప్తారు. కాలం, దూరం లెక్కలంటే ఆయనే. పాతికేళ్లుగా కాచిగూడ రైళ్లను బోర్డు మీదే బయల్దేరదీసి, బోర్డు మీదే చేరుస్తున్నాడు మహానుభావుడు. జవాబు ముందే చూసేస్తే లెక్క రాదని ఆయన సిద్ధాంతం. పుస్తకం వెనక జవాబుల కీ చూసే పిల్లలంటే ఒళ్లుమంట.

అంత లెక్కల మనిషీ భార్య నళిని విషయంలో మాత్రం ఎప్పుడూ ఆలస్యమే. ఆమె పుట్టింటి నుంచి వచ్చి స్టేషన్లో దిగిన ప్రతిసారీ ఈయన క్లాసులో ఇంకొక్క లెక్క చెప్తూ ఉండిపోయేవాడు. పాపం ఆమె బ్యాగు మోసుకుని ఒక్కతే ఆటో ఎక్కేది. ఈసారి దుబాయిలో చెల్లెలు రాగిణి దగ్గర నెల్లాళ్లుండి వస్తోంది. బయల్దేరే ముందురోజు ఫోన్ చేసి మెల్లగా ఒక మాటంది.

"గీసారైనా నేను ఎయిర్‌పోర్టుల నుంచి బయటికొచ్చేసరికి ఉండుండ్రి. లేకుంటే ఇంక జన్మల మిమ్మల్ని రమ్మని అడగ."

కోపంగా అని ఉంటే దులిపేసుకునేవాడే. మెల్లగా అన్నది కాబట్టి గుండెలో రాయి పడింది.

టికెట్ ఫోన్‌కు పంపింది. దిగే టైము అందులోనే ఉంది. కానీ అది కీ చూడడం కాదూ! కాగితం, పెన్నూ తీసుకున్నాడు. పోయేటప్పుడు ఇక్కడ పదింటికి ఎగిరి, అక్కడ పన్నెండూ ఇరవైకి దిగానని ఆమె చెప్పింది. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. పోయిన దూరమే వచ్చే దూరం. రేపు అక్కడ ఒకటిన్నరకు ఎక్కితే ఇక్కడ మూడూ యాభైకి దిగాలి. బోర్డు మీద రైళ్లన్నీ ఒకే గడియారంతో నడిచేవి మరి. దుబాయి గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుందన్న సంగతి ఆ బుర్రకు తట్టనే లేదు.

మర్నాడు చిక్కడపల్లిలో ఇంటి ముందు క్యాబ్ ఎక్కి, మూడింటికల్లా విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికొచ్చే దారి దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగైంది, నళిని జాడ లేదు. నాలుగున్నరకు పరేషానై విమానాల వేళలు చూపే తెర చూస్తే, దుబాయి విమానం ఆరూ యాభైకట! వేళ్ల మీద మళ్లీ లెక్కపెట్టుకుని, తప్పు దొరికాక నెత్తి కొట్టుకున్నాడు. పిల్లలెవరూ చూడలేదు, అదే అదృష్టం. మళ్లీ వచ్చి ఆ కడ్డీ దగ్గరే నిలబడ్డాడు.

ఏడున్నరకు సామాను బండి తోసుకుంటూ వచ్చిన నళిని ఆయన్ను చూసి నిలబడిపోయింది. ఎప్పుడొచ్చారని అడిగింది. మూడింటికని చెప్పి, సిగ్గు విడిచి లెక్క తప్పిన వైనమంతా విప్పాడు. ఆమె కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. అంతలో పక్కనున్న ఖాళీ కుర్చీలు కంటబడ్డాయి.

"నాలుగున్నరకే తెలిసింది గద. జర కూసోకపోయిండ్రా?"

"తెర మీద టైమైతే కనబడ్డది. నువ్వు కనబడలేదు గద, ఎట్ల కూసుంట?" అన్నాడు ఫణీంద్ర.

నళిని నవ్వు ఆగిపోయింది. బండి అక్కడే వదిలేసి, ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. తనూ పక్కనే కూర్చుంది.