యాదగిరి జేబులోని ఇత్తడి ముక్క

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఒక సర్కారు ఆఫీసు పాత బంగళాను ఇరవై ఏళ్లు ఒంటరిగా ఊడ్చినదాన్ని. ఎలుకలు తప్ప అక్కడ నాకేమీ ఎదురుపడలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను, ఆ తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు. పోయిన ఏడు మా బహదూర్‌పురా గల్లీలో నలుగురు ఆడవాళ్లు నా దగ్గర చదువుకుంటామన్నారు. మా మరిది యాదగిరి సాగనివ్వలేదు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. "మా వదినకు చదువెక్కడిది? బస్సు బోర్డులన్నీ బట్టీ వట్టింది" అని అందరికీ చెప్పాడు. ఇద్దరు వెనక్కి తగ్గారు.

అదే రోజుల్లో మా అమ్మాయి స్వరూప ఇంట్లో ఒక రేడియో ఏర్పాటు చేసింది. తను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. డాంగిల్ అనే వేలెడంత పరికరాన్ని లాప్‌టాప్‌కు గుచ్చితే, లైసెన్సు తీసుకుని సరదాకు రేడియో నడిపే హ్యామ్ వాళ్లు గాలిలో పంపే చిన్న సందేశాలను పట్టి తెర మీద ఇంగ్లిష్ అక్షరాలుగా చూపిస్తుంది. వాటిని ప్యాకెట్లంటారు. మేం అందుకోవడమే, పంపడం లేదు.

యాంటెన్నా నేనే కట్టాను. బేగంబజార్‌లో కొన్న రెండు అల్యూమినియం కడ్డీలు, ఒక్కొక్కటి మూరా రెండు వేళ్ల పొడవు, డాబా మీద వెదురు బొంగుకు. అక్కడి నుంచి కేబుల్ కిందికి దిగి, చిన్న ఇత్తడి ముక్క ద్వారా డాంగిల్‌కు కలుస్తుంది.

అప్పుడు తట్టింది నాకు. తెర మీద పడబోయే వరుసను ముందుగా ఎవరూ చూసి ఉండరు. దాన్ని బట్టీ పట్టడానికి వీల్లేదు. ఆదివారం మధ్యాహ్నం ఆ నలుగురినీ, యాదగిరినీ పిలిచాను.

యాదగిరి అందరికన్నా ముందే వచ్చాడు; నేనూ స్వరూపా లోపల చాయ్ పెట్టి వచ్చేసరికి మిగతావాళ్లు చేరారు. అరగంట గడిచినా ఏమీ రాలేదు.

"ఏంది వదినా, ఇయ్యాల ఆకాశానికి గూడ సెలవా?" అన్నాడు యాదగిరి.

"జర ఆగు, వస్తది" అన్నాను.

అంతలో ఒక వరుస పడింది. ముందు పంపినవాళ్ల గుర్తు, తర్వాత మాటలు. వేలు పెట్టి కూడబలుక్కుంటూ పైకి చదివాను: "టెస్ట్ ఫ్రమ్ టెర్రస్. టీ రెడీ."

"కరెక్టే అమ్మా!" అంది స్వరూప. ఆడవాళ్లు పకపకా నవ్వారు. "గీమె నిజంగనే చదువుతది!" అని ఒకామె నా భుజం చరిచింది.

యాదగిరి మాత్రం నవ్వలేదు. చొక్కా జేబులోంచి ఇత్తడి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు చాయ్ వెట్టవోయినప్పుడు నేనే తీసిన వదినా. ఏం రాకున్నా నువ్వు చదివినట్టు జేస్తవేమో చూద్దామని..."

లాప్‌టాప్ వెనక చూశాం. కేబుల్ కొస విడిగా వేలాడుతోంది.

పాత వరుసేమో అని స్వరూప అనుమానించింది. పక్కన ఉన్న టైము ఆ నిమిషానిదే. చాలా దగ్గర నుంచి పంపితే యాంటెన్నా లేకున్నా రావచ్చంది. ఆ తర్వాత ఎన్నో రోజులు ఇత్తడి ముక్క తీసేసి చూశాం. ఒక్క అక్షరం రాలేదు. ఆ గుర్తు కూడా మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

ఆ ఆదివారం మర్నాడే నలుగురూ చదువుకు వచ్చారు. వాళ్ల వెనక ఐదో మనిషి, యాదగిరి భార్య లక్ష్మి. చేతిలో కొత్త పలక. "మీ మరిదే కొనిచ్చిండు అక్కా" అంది.

ఆ వరుస ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. చదివింది మాత్రం నేనే.